నాలుగు మిల్లీమీటర్ల లోతున

జనవరి 19, ఆదివారం

రదిమ్ ఫోన్ చేసినప్పుడు బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. "అక్కా, మంచుకొండ ఎక్కించే లిఫ్టు కుర్చీ ఒకటి ఊడి పడిపోయింది" అన్నాడు.

"ఎవరైనా ఉన్నారా అందులో?"

"ఒక పిల్ల."

మళ్ళీ వాడే అన్నాడు. "హల్ఫారొవా గారి పిల్ల. బడిలో వంట చేస్తుంది చూడు, ఆవిడ కూతురు. యుస్తీనా." పోయిందా అని నేను అడగలేదు. వాడి గొంతే చెప్పింది.

బ్ర్నో నుంచి రదిమ్ ఉండే యావొర్నాకి మంచులో కారు నడుపుకుంటూ వెళ్ళాను. వంటింట్లో బూట్లు కూడా విప్పకుండా కూర్చున్నాడు. కింద మంచు కరిగి నీళ్ళు మడుగు కట్టాయి. వాడి భార్య ఇవెతా గుడ్డ పట్టుకుని నిలబడి ఉంది కానీ తుడవలేదు. "వదినా, పొద్దుటి నుంచీ ఇంతే. ఉలకడు, పలకడు" అంది.

కుర్చీని కొండ మీదికి లాగే తాడుకి పట్టి ఉంచే ఇనుప చేయి విరిగిందట. వంగలేదు, సాగలేదు, పుల్ల విరిగినట్టు విరిగింది. ఆ చేతులన్నింటినీ ఏటా అక్టోబరులో, మంచు పడక ముందే చూసేది రదిమే. రంగు గీకి, అయస్కాంతం పెట్టి, సన్నని ఇనుప పొడి చల్లుతాడు. పగులుంటే పొడి దాని వెంట గీతలా పేరుకుంటుంది. ఆ పని వాడికి నేర్పింది నేనే. యుస్తీనాకి పదహారేళ్ళట.

"అన్నీ బాగున్నాయనే రాశానక్కా" అన్నాడు బల్ల వైపు చూస్తూ.

అవును. రదిమ్ చూశాడు. రదిమ్ ఎప్పుడూ చూస్తాడు.

జనవరి 21, మంగళవారం

విరిగిన ముక్కలు రెండూ మా దగ్గరికే వచ్చాయి. ఎక్కడికి పోతాయి మరి? విరిగిన లోహాన్ని ఇంత దగ్గరగా చూడగల సూక్ష్మదర్శిని ఈ చుట్టుపక్కల మా సంస్థలోనే ఉంది. పోలీసు ఒకతను నీలం డబ్బా తెచ్చి నా సహోద్యోగి హీనెక్ బల్ల మీద పెట్టాడు. నేను తలుపు దగ్గర నుంచి చూశాను. బూడిద రంగు ఇనుము. చివర కొంత నునుపు, కొంత గరుకు. అంత దూరం నుంచి ఏమీ తెలియదు.

సంస్థ డైరెక్టర్ దగ్గరికి నేనే వెళ్ళి చెప్పాను, అక్కడ పనిచేసేది నా తమ్ముడని. మంచి పని చేశారన్నాడు. కేసు ముగిసే దాకా ఆ గదిలోకి వెళ్ళకూడదు, ఆ ఫైళ్ళు తెరవకూడదు.

విరిగిన చోట ఏర్పడే రెండు ముఖాలనూ మళ్ళీ ఒకదానికొకటి జతపరిచి పగులు ఎక్కడ పుట్టిందో, ఎటు పాకిందో చెప్పడం ఇరవై ఏళ్ళుగా నా పని. హీనెక్ ఆ పని నా దగ్గరే నేర్చుకున్నాడు. బాగానే చేస్తాడు. కొంచెం తొందరపాటు మనిషి, అంతే.

జనవరి 27

అంత్యక్రియలట. ఇవెతా ఒక్కతే వెళ్ళింది. రదిమ్ పైజామాతో కిటికీ దగ్గర నిలబడి చర్చి గంటలు విన్నాడట.

ఫిబ్రవరి 4

హీనెక్ గదిలో యంత్రం చప్పుడు గోడ ఇవతలికి వినబడుతోంది. నేను ఏమీ అడగలేదు.

ఫిబ్రవరి 5

అడగలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

శని, ఆదివారాలు యావొర్నాలో ఉన్నాను. రదిమ్‌తో కలిసి రొట్టెల కొట్టుకి వెళ్ళాను. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఇవెతా పంపింది. వరసలో నిలబడ్డాం. మా ముందున్న, పాత మేకల దొడ్డి దగ్గర ఉండే ముసలాయన వెనక్కి తిరిగి, నవ్వుతున్నట్టే అన్నాడు, "ఏం రదిమ్, కళ్ళద్దాలు కొనుక్కున్నావా?"

నేనే అన్నాను, "మీరు నోటికి తాళం కొనుక్కోండి తాతా."

"నేను అడిగింది నిన్ను కాదమ్మా. పిల్లని మోసుకెళ్ళే కుర్చీ చూసింది నువ్వా, వాడా?"

కొట్టు ఆవిడ రొట్టె కాగితంలో చుట్టి ఇచ్చింది, మా ఇద్దరి ముఖాలూ చూడకుండా. బయటికొచ్చాక రదిమ్ రొట్టె సంచి నా చేతిలో పెట్టి, "నువ్వెళ్ళక్కా. నేను కాసేపు నడుస్తా" అని లిఫ్టుకి అవతలి దారి పట్టాడు.

ఇవెతా వాడి వేట తుపాకీని పుట్టింటికి పంపేసింది. నాతో ఏమీ చెప్పలేదు. గోడ మీద మేకు ఖాళీగా ఉంటే చూశాను.

వాడికి ఒకటే చెప్పాను. "చూడు, ఇనుము అబద్ధం చెప్పదు. లోపల మలినం ఉండుంటుంది. కరిగించి పోసేటప్పుడే ఇరుక్కుంటుంది. అది పైకి కనబడదు. నువ్వేం చేయగలవు?"

"కనబడకపోతే సరే" అన్నాడు.

ఆ మాట ఎలా అన్నాడో గుర్తు తెచ్చుకోవడానికి చూస్తున్నాను. మామూలుగానే అన్నాడు. అలిసిపోయి ఉన్నాడు.

ఫిబ్రవరి 20, గురువారం

భోజనాల గదిలో హీనెక్ నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. సూప్‌లో చెంచా తిప్పుతున్నాడు, తాగడం లేదు.

"మీర్కా, ఊరికే అడుగుతున్నా. ఒక విద్యార్థి ఉన్నాడనుకో."

"విద్యార్థి పేరు హీనెకా?"

నవ్వలేదు. "ఒక ముఖానికి తుప్పు పట్టింది. రెండు ముఖాల ఎత్తుపల్లాలూ కొలిచి కంప్యూటర్లో జతపరుస్తుంటే కలవడం లేదు. ఇటు సరిచేస్తే అటు పోతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?"

నేను చెప్పకుండా ఉండొచ్చు. చెప్పకూడదు కూడా. జత తప్పుగా కుదిరితే పగులు వయసు తేలదు. తేలకపోతే కేసు అలాగే చప్పబడుతుంది, అనుమానం కింద ఎవరినీ శిక్షించరు. ఆ సంగతి నాకు ఆ క్షణంలో తెలుసు. ఇది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

"తుప్పు పట్టిన చోటు ముందు వదిలెయ్యి" అన్నాను. "చివర్లో ఒక్కసారిగా తెగిన గరుకు భాగం ఉంటుంది కదా, అక్కడ రెండూ అచ్చు గుద్దినట్టు కలుస్తాయి. అక్కణ్ణుంచి వెనక్కి రా."

"ఆ తుప్పు పాతదో, మంచులో పడ్డాక పట్టిందో..."

"తుప్పు పొర మందం కొలువు. ఇనుముని సన్నగా, పొర తర్వాత పొర చెక్కుకుంటూ పోయి ప్రతి పొరకీ బొమ్మ తియ్యి. అన్నీ పేర్చి లోపలేముందో చూడు. ఊహించకు."

తుప్పు పొర మందంగా ఉంటే పగులు శరదృతువు నుంచీ తెరుచుకుని ఉన్నట్టు. అంటే తప్పు రదిమ్‌ది. పల్చగా ఉంటే కాదు.

"థాంక్స్" అన్నాడు హీనెక్. సూప్ అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు. చల్లారిన సూప్ నేనే తాగాను, ఎందుకో.

విద్యార్థికి చెప్పినట్టే చెప్పాను. అంతకంటే ఏమీ లేదు.

మార్చి 3

అడగలేదు. రదిమ్ చూశాడు.

మార్చి 12, బుధవారం

పోలీసులు రదిమ్‌ని మళ్ళీ పిలిచారు. బయటికొచ్చి స్టేషన్ మెట్ల మీద నుంచే ఫోన్ చేశాడు.

"ఏం అడిగారు?"

"అదే. సంతకం నాదేనా అని. నాదే అన్నా."

"చూశానని చెప్పావా?"

"సంతకం నాదే అని చెప్పానక్కా."

"వాళ్ళు నీ నోట్లో మాటలు పెడతారు. వకీలు లేకుండా మాట్లాడకు" అన్నాను. సరే అన్నాడు. ఏం తిన్నావంటే మాట మార్చాడు. సమాధుల దగ్గరికి రోజూ వెళ్తున్నాడట, ఇవెతా చెప్పింది. లోపలికి వెళ్ళడు. కంచె బయట నిలబడి వస్తాడు. ఒకరోజు హల్ఫారొవా గారు లోపల ఉంటే ఆవిడ వెళ్ళే దాకా చెట్టు చాటున నిలబడ్డాడట, దొంగలాగా.

నా తమ్ముడు. చిన్నప్పుడు వాడి సైకిల్ గొలుసు ఊడితే నా దగ్గరికే తెచ్చేవాడు. ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు. పక్క గదిలో ఉన్నదాన్ని నేను ముట్టుకోకూడదు.

మార్చి 25

హీనెక్ ఇవాళ నన్ను చూసి పలకరించకుండా తల దించుకుని వెళ్ళాడు. అయిపోయింది. మందంగానే ఉంది పొర. నాకు తెలుసు.

మార్చి 26

నిన్న రాసింది అనవసరం. హీనెక్‌కి జలుబు చేసిందట.

ఏప్రిల్ 8, మంగళవారం

నివేదిక కోర్టుకి వెళ్ళింది. వెళ్ళాక హీనెక్ నా గదికి వచ్చి, "ఇప్పుడు చూడొచ్చు, డైరెక్టర్‌ని అడిగాను" అన్నాడు. నేను లేవలేకపోయాను. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు.

తెర మీద విరిగిన ముఖం మొత్తం పరిచి ఉంది, ఎత్తుకో రంగు. ఒడ్డున ఇసుకలో అలలు వదిలే గీతల్లాంటి గీతలు ఒకదాని చుట్టూ ఒకటి. అన్నీ ఒకే చోటు నుంచి పుట్టాయి. ఆ చోటు అంచున లేదు, లోపల ఉంది. పైనుంచి నాలుగు మిల్లీమీటర్ల లోతున, ఉక్కులో చిక్కుకున్న మలినపు ముక్క. హీనెక్ పొరలు పేర్చిన బొమ్మని తిప్పి చూపించాడు. గింజలా ఉంది, ఒక వైపు పగిలి ఉంది. పగులు అక్కడ పుట్టి ఏళ్ళ తరబడి లోపలే పాకింది. మెల్లగా, ఎవరికీ తెలియకుండా. పైకి వచ్చింది చివర్లో, జనవరి గడ్డుచలి మొదలయ్యాక. తుప్పు పొర పల్చగా, కొత్తగా ఉంది. అక్టోబరులో పైన ఏమీ లేదు.

"ఆ పొడితో కనబడేదా?" అని అడిగాను. జవాబు తెలిసీ అడిగాను.

"ఆ లోతున ఉన్నది కనబడదు. దేవుడొచ్చి చల్లినా కనబడదు."

అక్కడే ఏడ్చాను. హీనెక్ నీళ్ళు తెచ్చాడు. "నువ్వు ఆ రోజు చెప్పకపోతే ఇది తేలేది కాదు" అన్నాడు. నేనేం చెప్పలేదన్నాను.

రదిమ్‌కి ఫోన్ చేశాను. అంతా చెప్పాను, రెండుసార్లు. వాడు విన్నాడు.

"సరే అక్కా" అన్నాడు.

సంతోషపడటం కూడా మరిచిపోయాడు, పాపం. రెండు రోజులు పడుతుంది.

ఏప్రిల్ 15

కేసు మూసేశారు. ఉక్కు పోసిన ఫౌండ్రీ ఏనాడో మూతపడిందట. అడగడానికి ఎవరూ లేరు.

ఏప్రిల్ 19, శనివారం

రేపు ఈస్టర్. ఇవెతా ప్లమ్ జామ్ పెట్టిన రొట్టెలు చేసింది, గుడ్లకి రంగులేసింది, పక్కింటి వాళ్ళని పిలిచింది. రొట్టెల కొట్టులో ఎత్తిపొడిచిన ముసలాయన కూడా ఇంటి సారా సీసా చంకన పెట్టుకుని వచ్చాడు. "తప్పు మాటన్నాను రదిమ్, మనసులో పెట్టుకోకు. ఇనుములోనే ఉందట కదా రోగం" అన్నాడు. రదిమ్ గ్లాసు అందుకున్నాడు. తాగకుండా కిటికీ గట్టు మీద పెట్టి బయటికి వెళ్ళాడు.

నేను వెనకే వెళ్ళాను. కట్టెల కొట్టంలో గొడ్డలి పట్టుకుని నిలబడ్డాడు. కొట్టడం లేదు.

"ఇంట్లో అందరూ నీకోసమే వచ్చారు. లోపలికి రా."

"అక్కా, నేను చూడలేదు."

"ఏం చూడలేదు?"

"ఆ చెయ్యి. అదే కాదు, సగానికి పైగా చూడలేదు. ముందువి చూశా. అన్నీ బాగున్నాయి. అంతలో వాన పట్టుకుంది. పొడి తడిసి ముద్దైపోతోంది. రేపు చూద్దాంలే అనుకుని షెడ్డులో కూర్చుని టీ తాగా. మర్నాడు లిఫ్టు యజమాని ఫోను, కాగితాలు పంపావా పంపావా అని. పంపేశా."

నేను ఏం మాట్లాడానో వరసగా గుర్తులేదు. కసిరాను. తర్వాత నచ్చజెప్పాను. చూసినా ఏమీ కనబడేది కాదు కదా, కొలిచి తేల్చారు కదా, నా కళ్ళతో చూశాను కదా అన్నాను.

"నాకు తెలుసక్కా. నువ్వు చెప్పావు."

"మరింకేంటి?"

"నువ్వు ఫోన్ చేసినప్పుడు నాకేమనిపించిందో తెలుసా? ఛ, పగులు పైనే ఉండుంటే బాగుండేదనిపించింది. అప్పుడు పట్టుకుని తీసుకెళ్ళేవాళ్ళు. ఇప్పుడు వీళ్ళు నాకు సారా పోస్తున్నారు."

గొడ్డలి గోడకి ఆనించాడు. దగ్గరికి తీసుకోబోతే వెనక్కి జరిగాడు.

వాడు ఒక్కసారి కూడా చూశానని అనలేదు. జనవరి నుంచీ. ఒక్కసారి కూడా.

ఏప్రిల్ 20

ఈస్టర్.

ఏప్రిల్ 23

ఎవరికీ చెప్పొద్దన్నాను. ఇవెతాకి కూడా. ఎవరికి ఉపయోగం? పిల్ల రాదు. నేను చెప్పింది సబబే.

ఏప్రిల్ 27, ఆదివారం

రదిమ్ వినలేదు. "నువ్వు తీసుకెళ్తే నీ కార్లో వెళ్తా, లేకపోతే నడిచి వెళ్తా" అన్నాడు. తీసుకెళ్ళాను.

హల్ఫారొవా గారి ఇల్లు కింది వాడలో, బడి వెనక. తలుపు తీసి మమ్మల్ని చూసి పక్కకి జరిగింది, రమ్మన్నట్టు. రదిమ్ గడప దాటలేదు. టోపీ చేతిలో నలుపుతూ, నిలబడ్డ చోటే చెప్పేశాడు. వాన, షెడ్డు, టీ, సంతకం. ఏదీ దాచలేదు. ఆవిడ ముఖంలో ఏమీ కదల్లేదు. చేతికి పిండి అంటుకుని ఉంది.

వాడు ఆగాడు. లోపల రేడియోలో ఎవరో వాతావరణం చెబుతున్నారు.

"ఉత్తరం వచ్చింది నాకు, కోర్టు నుంచి" అంది చివరికి. "లోపల ఉందట, ఎవరికీ కనబడదట. నా పిల్లకి అలా రాసిపెట్టి ఉంది అనుకున్నాను. ఆ ఉత్తరం వచ్చాక మొదటిసారి నిద్రపట్టింది నాకు. వారం పడుకున్నా రదిమ్. ఒక్క వారం."

"హల్ఫారొవా గారూ..."

"నువ్వెందుకొచ్చావు? బరువు దింపుకోవడానికా? నా గుమ్మంలోనా?"

తలుపు మెల్లగానే మూసింది. చప్పుడు కూడా కాలేదు.

కార్లో రదిమ్ అడిగాడు, "చెప్పకుండా ఉండాల్సిందా అక్కా?"

నేను వద్దనే కదా అన్నాను అని నోటిదాకా వచ్చింది. అనలేదు. వాడి వైపు చూడలేక వైపర్లు వేశాను. వాన లేదు.

మే 5

పోలీసుల దగ్గరికి కూడా వెళ్ళి చెప్పాడు. రాసుకున్నారట. చావుకీ దీనికీ సంబంధం లేదు కాబట్టి తప్పుడు సంతకానికి జరిమానా వేస్తారట. తనిఖీ పనికి ఇక పనికిరాడు. ఇవెతా నాతో మాట్లాడటం లేదు. ముందే తెలిసి దాచానని. మళ్ళీ చెప్పనిచ్చానని కూడా.

మే 9

ఏమీ లేదు. పని.

మే 16, శుక్రవారం

కింద కాపలా అతను ఫోన్ చేసి, మీకోసం ఒకావిడ వచ్చిందన్నాడు. దిగి చూస్తే హల్ఫారొవా గారు. పొద్దున్నే రెండు బస్సులు మారి వచ్చిందట. ఆదివారాలు చర్చికి వేసుకునే నల్ల కోటు, చేతిలో కూరగాయల సంచి.

"ఆ ముక్క మీ దగ్గరే ఉందట కదమ్మా. ఒకసారి చూడొచ్చా?" అంది.

ముక్క పోలీసులు తీసుకెళ్ళిపోయారు. కానీ కొలతలున్నాయి, బొమ్మలున్నాయి. హీనెక్‌ని అడిగాను. లేచి తన కుర్చీ ఆవిడకిచ్చి, కాఫీ తాగొస్తానని బయటికి వెళ్ళాడు.

తెర మీద విరిగిన ముఖం తెరిచాను. పక్కకి వాల్చి తిప్పాను, లోతు తెలియాలని. ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకుని ముందుకి వంగింది.

"కొండల్లా ఉన్నాయే."

"చాలా పెంచి చూపిస్తుందండీ ఇది. చేత్తో తడిమితే కొంచెం గరుకు, అంతే."

"ఎక్కడ మొదలైంది?"

చూపించాను. ఆ గింజ. పొరలన్నీ తీసేసి అదొక్కటే నిలబెట్టాను.

"ఎంతుంటుంది?"

"ఇసుక రేణువంత కూడా ఉండదు."

చాలాసేపు చూసింది. తర్వాత తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండానే అడిగింది. "మీ తమ్ముడు ఆ రోజు చూసి ఉంటే?"

"కనబడేది కాదండీ."

"తమ్ముడని అంటున్నారా?"

"కాదు. వాడు నాకేమీ కాకపోయినా ఇదే చెప్తాను."

తలూపింది. నమ్మింది. నమ్మినట్టు నాకు తెలిసింది, అందుకే ధైర్యం చేసి ఇంకో మాట అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"అంచేత, వాడు చూసినా చూడకపోయినా ఒకటేనండీ."

"ఒకటి కాదమ్మా" అంది ఆవిడ.

గొంతు పెంచలేదు. పొయ్యి మీద కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అంది. "మా పిల్ల ఎక్కే కుర్చీని ఒక్కసారి ఎవరో ఒకరు చేత్తో పట్టుకుని చూసి ఉండాల్సింది. కనబడకపోతే కనబడకపోయేది. చూసి ఉండాల్సింది."

ఆవిడ తెర వైపు తిరిగి, ఇంకోసారి తిప్పమని వేలితో సైగ చేసింది. తిప్పాను.